మామ కన్నుకు కాపలా కూర్చున్న మాటలు

ఆ చాప గోడ పక్కకి లాక్కోండి. కాళ్లు బారజాపుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకొంచెం దగ్గరికి జరగండి, ఈ వయసులో నాకు గొంతు లేవదు. మంచినీళ్లు చెంబులో ఉన్నాయి. తాగి కూర్చోండి, చెప్తాను.

నేను చదివింది మూడో తరగతి. అది కూడా పూర్తిగా కాదు. చెల్లెలు పుట్టిందని అమ్మ బడి మాన్పించింది. అయినా నా దగ్గర ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క మనిషి నోట్లోంచి వచ్చి నా దగ్గర ఉండిపోయింది. ఏ మాట ఎవరిచ్చినారో ఇప్పుడడిగినా చెప్తాను. వాళ్లలో ఎక్కువమంది పోయినారు. మాటలు మాత్రం పోలేదు.

మా నాయనది నంద్యాలలో వడ్రంగం పని. రైలు కట్టకు ఇవతల మా ఇల్లు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాకు పన్నెండేండ్లు. నాయన సంచిలో మూరెడు కొయ్యముక్క ఒకటి ఉండేది. దాని నడుమ గాజు గొట్టం, గొట్టంలో నీళ్లు, నీళ్లలో ఒక బుడగ. దాన్ని లెవెల్ అనేవాడు. వాకిలి మీద పెట్టి చూసి, బుడగ మధ్యలో నిలబడితే "లెవెల్ వచ్చింది" అని బీడీ ముట్టించేవాడు. రైలొచ్చేటప్పుడు ఎద్దుల బండ్లను ఆపే గేటు దగ్గర కాపలాకు ఇంకొకాయన ఉండేవాడు. మేమంతా గేటు అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు, "లెవెల్ క్రాసింగు అనండి" అని కసిరేవాడు. ఇంగ మా అమ్మ. వీధిలో ఎవరన్నా కొత్త చీర కట్టుకుని పలకరించకుండా పోతే చాలు, "చూడు, ఎంత లెవెల్ చేస్తాందో!" అని మూతి తిప్పేది.

బుడగకూ గేటుకూ చీరకూ ఏం చుట్టరికమో నాకు అంతుపట్టలేదు. పక్కింట్లో టీచరమ్మ ఉండేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని ఏసు గుడికి పోయేది, తక్కిన రోజులు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అమ్మతో పాటు బియ్యం ఏరుకునేది. ఆమెనడిగినాను. ఆమె చాటలోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇంగ్లీషు మాటకు ఒక్క ఇల్లు ఉండదు పాపా. అది ఎవురి నోట్లో ఉందో చూడు, వాళ్ల చేతిలో ఏం పనుందో చూడు. అర్థం ఆడ ఉంటాది."

ఆ పొద్దు నుంచి నాకు అదొక ఆట. దినానికొక మాట ఏరుకొచ్చి ఆమె చాటలో పోసేదాన్ని. నాయన మరమేకు టైట్ చేస్తాడు. కుట్టు మిషను ఆయన జాకెట్టు టైట్ అంటాడు. దొంగసారా తాగి తూలతా పోయే మనిషిని చూసి వీధి జనం టైటుగా ఉండాడంటారు. "ఎట్లా టీచరమ్మా?" అంటే ఆమె నవ్వి, "నువ్వే చెప్పు, మూడింటిలో ఏది వదులైతే బాగుంటాది?" అనేది. మా అమ్మకు ఈ మాటలు పట్టేవి కావు. "దీనికి పెండ్లి చేస్తే అత్తగారింట్లో ఈ కూతలు ఎవరింటారు?" అనేది.

నాలుగేండ్లకు పెండ్లి అయింది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. వడ్రంగం, శిల్పం మా కులంలో అన్నదమ్ముల లాంటి పనులు, అట్లా కుదిరింది సంబంధం. ఇంటి ముందు కొట్టం. పొద్దున లేస్తే ఉలి మీద సుత్తి దెబ్బ. అన్నంలో రాతి దుమ్ము, తలలో రాతి దుమ్ము. మా మామ మాట తక్కువ మనిషి. మా అత్త ఆయన వంతు కూడా మాట్లాడేది.

వచ్చిన మొదటి వారంలోనే ఊరగాయ జాడీ మూత రాక, "అత్తా, ఇది టైటుగా ఉంది" అన్నాను. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం మే, మీ నాయన కొయ్యతో పాటు నీకు ఇంగ్లీషు కూడా చెక్కినాడా? ఆ ఇంగ్లీషుతోనే మూత తియ్యి చూద్దాం!"

నేను తల దించుకున్నాను. కొట్టంలోంచి మామ గొంతు వచ్చింది. "దానికి రెండు మాటలు ఎక్కువొస్తే నీ సొమ్మేం పోతాది? మనకూ వస్తాయిలే ఇంగ్లీషు మాటలు. ఆర్డరు అంటాం కదా!"

నిజమే, ఆ ఇంట్లో ఆ ఒక్క మాట ఉంది. "ఆంజనేయస్వామి ఆర్డరు వచ్చింది, నాగుల ఆర్డరు ఇంకా రాలేదు" అనుకునేవాళ్లు. నాకు విచిత్రమనిపించింది. నంద్యాలలో ఆర్డరు అంటే కలెక్టరు వేసేది, వచ్చిందంటే జనం భయపడేవాళ్లు. టీచరమ్మ నోట్లో, గిన్నెలు వరసగా సర్దిపెట్టడం ఆర్డరు. ఈడ చూస్తే దేవుడే ఆర్డరు మీద వస్తాడు, ఇంటిల్లిపాదీ సంతోషపడతారు.

ఆ ఇంటి పనిలో ఒక పద్ధతి ఉంది, అది మీకు ముందే చెప్పాల. విగ్రహానికి అన్నీ చెక్కినాక చివర్న కండ్లు తెరుస్తారు. సన్న ఉలితో రెండు మూడు దెబ్బలు, అంతే. కానీ ఆ దెబ్బలు పడేటప్పుడు విగ్రహం ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. అప్పుడే తెరిచిన కంటిచూపు తీక్షణంగా ఉంటాదని, ఎదురుగా ఉన్న మనిషి తట్టుకోలేడని వాళ్ల నమ్మకం. అందుకే ఎదురుగా అద్దం పెట్టి, చెక్కే మనిషి పక్కకు ఒదిగి నిలబడతాడు. విగ్రహం మొదటి చూపు అద్దంలో తన మొహం మీదనే పడి చల్లబడాల. ఆ తర్వాతే జనం ముందుకొస్తారు. మా ఇంట్లో ఆ పని మామ ఒక్కడే చేసేవాడు. మా ఆయన చేతులు, నగలు, చీర మడతలు బాగా చెక్కేవాడు గానీ కంటి దగ్గరికి వస్తే ఆయన చెయ్యి వణికేది.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఒక అమ్మవారి విగ్రహం పని నడుస్తా ఉంది. కండ్లు తప్ప అన్నీ అయినాయి. పీఠం అంచు సరిచేస్తాంటే రాతి పెచ్చు ఎగిరి మామ కుడికంట్లో గుచ్చుకుంది. మొదట ఎవరికీ చెప్పలేదు. కన్ను నలుపుకుంటా అన్నానికి వచ్చినాడు. అత్త చూసి కొంగు చుట్టి ఊదింది, పక్కింటి బాలింతను పిలిచి చనుబాలు పిండించింది. తెల్లారేసరికి కన్ను నిమ్మకాయంత వాచింది. ఎడమ కంటికి అంతకు ముందే మసక. కుడికన్నుతోనే ఆయన పనంతా. మామ గోడకానుకుని కూర్చుని ఒకే ఒక మాట అన్నాడు.

"ఇది పోతే ఇంగ నేను ఉలి పట్టే పని లేదు."

మా ఆయన, "నంద్యాలకు పోదాం నాయనా, పొద్దున కారుకే పోదాం" అన్నాడు. బస్సును కారనేవాళ్లు అప్పుడు మా వైపు. నన్ను కూడా రమ్మన్నారు, నంద్యాల నా పుట్టినూరు కాబట్టి.

మిషన్ ఆస్పత్రిలో తెల్లటోపీ నర్సమ్మ మామను చూసి, లోపలికి కేకేసింది. "ఈ కేసు అర్జంటు!"

అంతే, అత్త ఆమె కాళ్లకు అడ్డం పడింది. "కేసొద్దు తల్లీ! ఎవురూ కొట్టలేదు, మాకెవురితోనూ పగల్లేవు. రాయి తగిలింది, రాయి! రాయి మీద కేసేందమ్మా?"

మా ఊర్లో కేసు అంటే పోలీసులు, కోర్టు వాయిదాలు, ఇంట్లో మగోళ్లు లేకపోవడం. నేను నర్సమ్మ చేతిలోకి చూసినాను. మందు గుడ్డ ఉంది, లాఠీ లేదు. "అత్తా, ఈడ కేసంటే జబ్బు మనిషి. మామే కేసు" అన్నాను. అత్త కండ్లు తుడుచుకుని, "మనిషిని పట్టుకుని కేసంటారా, ఏం మనుషులే వీళ్లు" అని పక్కకు జరిగింది.

నేనేదో పెద్ద తెలిసినదాన్ని అనుకున్నాను. అంతలోనే నర్సమ్మ "థియేటర్‌కు తీసుకుపోతాం, మీరు బయట కూర్చోండి" అనింది. నాకు తెలిసిన థియేటర్ సినిమా ఆడేది. నేను నోరు తెరిచినాను. అత్త నన్ను మోచేత్తో పొడిచింది. "చెప్పు మే! కన్ను పోతాంటే సినిమా ఏందే?" నర్సమ్మకు కోపం రాలేదు. నా భుజం మీద చెయ్యేసి, "ఆపరేషన్ చేసే గదిని కూడా అదే అంటారు తల్లీ. ఆడ పాటలుండవు" అనింది. ఆ మాటకు ఆమెకు ఈ పొద్దుకూ రుణపడి ఉన్నాను. నవ్వకుండా చెప్పిందే, అందుకు.

డాక్టరమ్మ మలయాళం దేశం నుంచి వచ్చిన చిన్నవయసు మనిషి. తెలుగు నాలుగు మాటలే. "నొప్పి?" "కొంచెం?" "మంచిది." పెచ్చు తీసేసింది. రెండు కండ్లకూ కట్టు కట్టి, తలకు అటొకటి ఇటొకటి ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టినారు. ఎనిమిది దినాలు తల కదలకూడదు. దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు. కదిలిందంటే కుట్టు తెగి కన్ను పోతాదని నర్సమ్మ గట్టిగా చెప్పి పోయింది.

రాళ్లతో పని చేసిన మనిషి రాయి మాదిరి పడుకోవాలంటే ఎట్లా? మొదటి దినమే మామ చేతులు గాలిలో ఉలి పట్టినట్టు ఆడతా ఉన్నాయి. ఎవరన్నా చెంబు కింద పెడితే చాలు, ఆ శబ్దం వైపు తల తిరగబోయేది. అత్త "కదలొద్దు, కదలొద్దు" అని ఏడ్చేది, ఆ ఏడుపుకు ఇంకా కదిలేవాడు. నేను ఇసుక మూట మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక అడిగినాను.

"మామా, నేనొక మాట చెప్తా. అది మన ఊర్లో ఎన్ని చోట్ల పని చేస్తాందో వేళ్లు ఎత్తి చూపించు. తల కదిలిస్తే ఓడిపోయినట్టు."

"ఏం మాట?"

"స్టాండు."

మామ చెయ్యి దుప్పటి మీదికి తెచ్చుకున్నాడు. ఒక వేలు లేచింది. "కారు నిలిచే చోటు." ఇంకో వేలు. "సైకిలుకు వేసేది." మూడో వేలు లేవడానికి మధ్యాహ్నం గంజి తాగేదాకా పట్టింది. "మొన్న ఒక ఆయన వచ్చి స్వామికి స్టాండు ఎత్తుగా చెక్కమన్నాడు. పీఠాన్ని! నాకు ఒళ్లు మండింది."

పక్క మంచంలో కంటి పొర తీయించుకున్న రుద్రవరం రైతొకడు ఉన్నాడు. ఆయనా కట్టుతోనే ఉండి ఆటలో దూరినాడు. నేను "లైను" అంటే మామ, "ఎర్రమట్టితో రాయి మీద గీసేది" అన్నాడు, మా ఆయన రైలు లైను అన్నాడు. రుద్రవరం ఆయన, "మీదంతా గీతలప్పా. మా చేలో శెనిక్కాయ విత్తనం లైనులో పడల్ల గదా? లైను తప్పితే కలుపు తీసే గుంటక యాడ తోలేది?" అన్నాడు. అత్త కూడా ఊరుకోలేక, "ఆ మంగలాయన కొడుకు బడికి పోయే పిల్లకు లైను వేస్తాండాడని చెప్పుకున్నారే, అది యాడ పెడతావ్?" అనింది. రుద్రవరం ఆయన మంచం ఊగింది. "నవ్వొద్దు, నవ్వొద్దు!" అని నేను రెండు మంచాల మధ్య నిలబడి అరిచినాను.

అట్లా ఎనిమిది దినాలు గడిచినాయి. నాయన ఇచ్చినవి, టీచరమ్మ ఇచ్చినవి, గేటు ఆయన ఇచ్చినవి, అన్నీ తీసి ఆ మంచం పక్కన పోసినాను. మామ వేళ్లు లేచినాయి గానీ తల కదల్లేదు. టీచరమ్మ ఒకసారి చూడడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి మా ఆట కాసేపు విని, కండ్లద్దాలు తుడుచుకుని, నా పక్కన మూడు అరటిపండ్లు పెట్టి పోయింది.

తొమ్మిదో దినం పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పడానికి వచ్చింది. చేతిలో టార్చి. నర్సమ్మను కాన్పు గదికి పిలిచినారని ఆమె రాలేదు. మామను లేపి కూర్చోబెట్టినారు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని సరిగ్గా ఆయన ఎదురుగా కూర్చుంది. పైన చుట్టు విప్పింది. కంటి మీద దూది మెత్త ఒక్కటే మిగిలింది.

"నా ఎదురుగా ఎవురుండారు?" అన్నాడు మామ.

"డాక్టరమ్మ, నాయనా" అన్నాడు మా ఆయన. అప్పటికే ఆయనా అత్తా గోడవారకు జరిగి ఉన్నారు. కావాలని కాదు, ఆ ఇంటి అలవాటు కాళ్లలో ఉంది.

మామ రెండు చేతులూ మెత్త మీద అడ్డం పెట్టుకున్నాడు. "వద్దు! లెయ్యి తల్లీ, ఎదురుగా ఉండొద్దు. పక్కకి జరుగు!"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. చేతులు తీయబోయింది. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టుకు కన్ను ఎక్కడ నలుగుతాదో అని ఆమె మొహం ఎర్రబడింది. మలయాళంలో ఏదో అనింది, ఇంగ్లీషులో ఏదో అనింది. వార్డంతా లేచి చూస్తాంది. "ముసలాయనకు మతి తప్పిందిరా" అన్నారెవరో. మా ఆయన, "నాయనా, నువ్వు విగ్రహమా? మనిషి కన్ను నాయనా!" అని బతిమాలుతున్నాడు.

"తెరిచిన కన్ను ఏదైనా కన్నే" అన్నాడు మామ. "ఈ తల్లి నాకు కన్నిచ్చింది. మొదటి చూపు ఆమె మీద పడి, ఆమెకేమన్నా అయితే? బిడ్డలు గల తల్లో ఏమో!"

అప్పుడర్థమయింది నాకు. ఆయన తన కోసం భయపడలేదు. ఆమె కోసం. ఆ సంగతి ఆమెకు ఎట్లన్నా చెప్పాల, మెత్త కింద కన్ను నలిగిపోకముందే. నాకొచ్చినవన్నీ విడి మాటలు. కలిపి మాట్లాడడం ఎన్నడూ రాలేదు. ముందుకు పోయి నిలబడినాను.

"డాక్టర్... స్టాప్" అన్నాను. మామను చూపించి, ఉలి పట్టి కొట్టినట్టు చెయ్యాడించినాను. "స్టోన్... గాడ్." నా కన్ను మూసి తెరిచినాను. "గాడ్ ఐ ఓపెన్... ఫస్ట్, మిర్రర్." అరచెయ్యి నా మొహానికి ఎదురుగా పెట్టుకున్నాను. "డాక్టర్, నో ఫ్రంట్." ఆమె ఇంకా చూస్తానే ఉంది. ఎందుకో చెప్పే మాట దొరకలేదు నాకు. టీచరమ్మ వంటింట్లో జాలీ తలుపుల పెట్టె ఒకటి ఉండేది, పిల్లి ముట్టకుండా పాలు పెట్టుకునేది. దాన్ని సేఫ్ అనేది ఆమె. అది మెదిలింది. డాక్టరమ్మ చుట్టూ నా రెండు చేతులూ పెట్టె మాదిరి పెట్టి, "డాక్టర్ సేఫ్" అన్నాను. "మామ... డాక్టర్ సేఫ్."

ఆమె టార్చి ఆర్పేసింది. మామ చేతులను చూసింది, నన్ను చూసింది. ఆమె కండ్లు మారినాయి. స్టూలు మీద నుంచి లేచి మంచం పక్కకు పోయి, నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. "మిర్రర్" అని ఆయాను పంపింది. నర్సుల గదిలోంచి అరచేతంత అద్దం తెచ్చినారు. డాక్టరమ్మే దాన్ని చెయ్యి చాపి ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుని, ఇంకో చేత్తో పక్క నుంచి మెత్త తీసింది.

మామ కన్ను కొంచెం విచ్చుకుంది, నీళ్లు కారినాయి, మళ్లీ విచ్చుకుంది. అద్దంలోకి చూసినాడు. చూసి చూసి అన్నాడు.

"ఎవుడప్పా ఈ ముసలోడు? వీనికి గడ్డం ఎవుడు పెంచమన్నాడు?"

అత్త గోడకు జారబడి, నవ్వో ఏడుపో తెలియకుండా నోట్లో కొంగు కుక్కుకుంది. డాక్టరమ్మ "నవ్వు, నో! నో!" అంటా తానే నవ్వింది. అప్పుడు ఎదురుగా వచ్చి టార్చి వేసింది.

చూపు పూర్తిగా రాలేదు. పలచని గుడ్డలోంచి చూసినట్టుంటాదని మామ చెప్పినాడు. మనిషిని గుర్తు పట్టొచ్చు, దారి నడవొచ్చు. సన్న గీత మాత్రం కనపడదు. డాక్టరమ్మ బాధగా చెయ్యి తిప్పింది. మామ తల ఆడించి, "ఇంత చాలు" అన్నాడు. చాలదని అందరికీ తెలుసు.

ఇంటికి పోయే పొద్దు మామ నన్నడిగినాడు. "పాపా, ఈ తల్లికి చెప్పల్ల. వాళ్ల భాషలో ఏమంటారు?"

"థ్యాంక్స్ అంటారు మామా."

"ఎప్పుడంటారు?"

"టీచరమ్మ అయితే మంచినీళ్లిచ్చినా అంటాది. దోవ విడిచినా అంటాది."

మామ కొంచెం సేపు ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నాడు. "నీళ్లిచ్చినా అదే, కన్నిచ్చినా అదేనా? నాకు సాలదు." డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కండ్లకద్దుకుని, "సల్లగుండు తల్లీ" అన్నాడు. ఆమె "మంచిది, మంచిది" అనింది. ఇద్దరికీ సరిపోయింది.

ఆళ్లగడ్డకు వచ్చిన పదోనాడు మామ సన్న ఉలి తీసి మా ఆయన చేతిలో పెట్టినాడు. అమ్మవారి ఎదురుగా అద్దం తానే నిలబెట్టి, కొడుకు భుజం మీద చెయ్యేసి పక్కన నిలబడినాడు. "నీ చెయ్యి వణికితే నా చెయ్యి ఉంది. కొట్టు" అన్నాడు. మా ఆయన కొట్టినాడు. ఆ పొద్దు నుంచి ఆ ఇంట్లో కండ్లు తెరిచే పని ఆయనదయింది. మామ పక్కన నిలబడేవాడు, అంతే. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉండేది, సంతోషమూ ఉండేది. ఏది ఎంతో నేను తూచలేదు.

పెద్ద గీతలు కనపడతాయి కదా అని మామ ఒక కల్వం చెక్కినాడు, మందులు నూరుకునే చిన్న రాతి గిన్నె. నున్నగా చేయడానికి కండ్లు పనిలేదు, వేళ్లు చాలు. నెల పట్టింది. నంద్యాల కారు కండక్టరు చేతికిచ్చి, ఆస్పత్రిలో ఇమ్మన్నాడు. మరుసటి దినం కండక్టరు దిగి వచ్చి చెప్పినాడు. డాక్టరమ్మ గిన్నె లోపల బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పుకుంటా చాలాసేపు నిలబడిందంట. ఏమనిందని అడిగితే, "ఏమీ అనలేదు పెద్దాయనా, ఊరికే తిప్పుకుంటాండె" అన్నాడు. మామ తృప్తిగా తల ఆడించినాడు.

నాకు అక్షరాలు సరిగ్గా రావు. మాటలిచ్చిన వాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. ఊరికే ఇచ్చినారు, ఇచ్చినామని కూడా వాళ్లకు గుర్తుండదు. నేను వాళ్లకు థ్యాంక్స్ చెప్పలేదు. మామ మాదిరి, నాకూ అది చాలదనిపిస్తాది.

ఇంగ లేవండి, పొద్దుపోతాంది. మీ ఇంట్లో ఎవరి కంటికీ నలుసు పడకుండా ఉండాల. మీ పెద్దోళ్లు మీ మొహాలు చూసి గుర్తు పట్టాల, మీ పిల్లోళ్లు వాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకోవాల. మీ వాకిట్లోకి వచ్చిన మాట ఏ భాషదైనా మంచిదై రావాల. మీ పొయ్యి ఆరకుండా, మీ ఇల్లు, మీ నీళ్ల తొట్టి నిండుగా, సల్లగా ఉండాల.